ఫ్లెక్సీలో లేని మచ్చలు

పెదనాన్న పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నరసరావుపేటలో నా క్లినిక్‌లో ఒక పెళ్లికూతురి చెంపలకు పీల్ పూస్తున్నాను. ఆ మందు పూశాక వేళకు తుడిచెయ్యాలి. ఆదమరిస్తే చర్మం కాలుతుంది. అందుకని నర్సు చేత ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, పని ఆపకుండానే విన్నాను.

"పొద్దున టిఫిన్ తిని కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయాడక్కా," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "కొడుకుల్లేరుగా. అల్లుళ్లు గూడ నన్నే తలకొరివి పెట్టమంటున్నారు. ఊరంతా అదే మాట. పెట్టమంటావా?" అన్నాడు.

"నేనొచ్చేదాకా ఎవర్నీ లేపనివ్వకు," అన్నాను.

"ఎందుకక్కా?"

"వస్తున్నానన్నానుగా. ఆగు."

పెళ్లికూతురి మొహం తుడిచి, మిగతా పేషెంట్లను రేపు రమ్మని, కారు తీశాను. తమ్ముడడిగిన ప్రశ్నకు జవాబు రెండేళ్లుగా నా దగ్గరుంది. దాన్ని నా నోట్లో పెట్టి పోయినవాడు పెదనాన్నే.

ఆయన మాకు చుట్టం కాదు. గురజాల అవతల మా ఊళ్లో మా ఎదురింటాయన. మా బాబాయి ఆయన్ని "అన్నా" అనేవాడు కాబట్టి మాకు పెదనాన్న అయ్యాడు. ఆరడుగుల మనిషి. కుడి చెంప మీద, కుడి చెవి కింద, మెడ మీద, ఆఖరికి కుడి అరచేతిలో కూడా నల్లటి చుక్కలు ఉండేవి. మొహం సగం మామూలుగా, సగం నువ్వులు చల్లినట్టుగా ఉండేది. చిన్నప్పుడు చాటున నువ్వులుండ అనేవాళ్లం. ఆ మాట ఆయన చెవిన పడకపోవడం మా అదృష్టం. అసలు కుడి చెవి వినపడేది కాదులే.

ఆయనకు కోపం ముక్కు మీద కాదు, ఎడమ చేతిలో ఉండేది. కుడి చేతి వేళ్లు రెండు తిమ్మిరి పట్టి పనిచేసేవి కావు. అందుకని ఎడం చేత్తో కొట్టేవాడు. ముందు కొట్టి తర్వాత సంగతేందని అడిగేవాడు. కరెంటోళ్లు వైరు కత్తిరించడానికొస్తే నిచ్చెన మీద మనిషి ఉండగానే నిచ్చెన లాగేశాడు. గొడ్డు పక్కవాళ్ల మిరపచేలో పడిందని అడగడానికి వచ్చినవాడి చెంప పగలగొట్టి, ఆ తర్వాత, "తప్పు మాదేలే, మొక్కలు నేనే నాటిస్తా," అన్నాడు. నాటించాడు కూడా. చెంప సంగతి మాత్రం ఎత్తలేదు.

గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. ఎవరింటికెళ్లినా ముందు కుర్చీ గోడకు జరుపుకునేవాడు. వెనక నుంచి ఎవరైనా నడిచొస్తే ఆగి, వాళ్లు ముందుకు వెళ్లేదాకా కదిలేవాడు కాదు. మంగలి షాపులో గడ్డం గీస్తున్నంతసేపూ కళ్లు తెరిచే ఉంచేవాడు. నురగ కంట్లో పడ్డా మూసేవాడు కాదు. "ఆయన చూపుకి నా చెయ్యి వణుకుద్దమ్మా, గాటు పడితే నన్నేం జేస్తాడో," అని మంగలి మా అమ్మతో చెప్పుకునేవాడు.

ఆ చుక్కలు ఎలా వచ్చాయో ఊరందరికీ తెలుసు. నడికుడి దగ్గర అప్పుడే తారు పోసిన రోడ్డు మీద మోటార్‌సైకిల్ జారి, కుడివైపు నేలకు రాసుకుంటూ పోయాడట. వంకరపోయిన బండిని ట్రాక్టర్ మీద ఊళ్లోకి తెచ్చారు, మేమందరం చూశాం. ఆయన్ని కృష్ణ దాటించి మిర్యాలగూడ ఆస్పత్రిలో వేశారు. అది జరిగిన రోజే మా బాబాయిని చంపారు. అందుకని ఆయన దెబ్బల గురించి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

నేను ఏడో తరగతి. మధ్యాహ్నం స్కూల్లో ఉండగా ఒక మోత వినపడింది. క్వారీలో రాయి పేల్చారనుకున్నాం. సాయంత్రం బాబాయిని ట్రాక్టర్ ట్రక్కులో తెచ్చారు. పైన గోనె సంచులు కప్పారు. సంచుల కింద నుంచి ఒక పాదం కనిపిస్తోంది, చెప్పు ఇంకా ఊడలేదు. చెక్కల సందుల్లోంచి రక్తం కారి మా ఇంటి ముందు ముగ్గు మీద పడింది. మా అమ్మ బిందెడు నీళ్లు తెచ్చి దాన్ని కడగబోతే మా నాన్న ఆ బిందెను కాలితో తన్నాడు. పోలీసులు చూడాలి, ఉండనీ అన్నాడు. అది ఎండి నల్లబడేదాకా అలాగే ఉంది.

మా ఊళ్లో రెండు పార్టీలు, బాబాయీ పెదనాన్నా ఒకే పార్టీ; బాబాయి పోయింది మాత్రం అవతలి పార్టీ నాయకుడి జీపులో. కాలవ మలుపు దగ్గర బాంబు పడింది. జీపులో ఉన్నది బాబాయి, డ్రైవర్, ఇద్దరే. డ్రైవర్ దూకి పారిపోయాడు. రాజీ మాట్లాడదాం రమ్మని పిలిచి, దారిలో చంపేశారని మా వాళ్లు తేల్చారు. మా వైపు కేసు పెట్టడమంటే జరిగింది జరిగినట్టు రాయడం కాదు. ఎవరెవరి పేర్లు రాయాలో పార్టీ పెద్దలు అరుగు మీద కూర్చుని నిర్ణయిస్తారు. అవతలి వాళ్లయినా అంతే. ఆ రోజు మా అరుగు మీద రాసిన పేర్లలో మొదటిది డ్రైవర్‌ది. బాంబు ఎవరో చేలోంచి విసిరారని, తనకేమీ తెలియదని అతను మొత్తుకున్నాడు. జీపులో బతికి బయటపడినవాడి మాట ఎవరు నమ్ముతారు? కేసులో రాసిన మిగతావాళ్లు ఎలాగో బయటపడ్డారు. డ్రైవర్ మాత్రం ఏడేళ్లు జైల్లో ఉన్నాడు.

పెదనాన్న బాబాయి పెద్దకర్మ రోజుకు తిరిగొచ్చాడు. మొహం నిండా కట్లు. తిన్నగా మా ఇంటికొచ్చి, మూడేళ్ల మా తమ్ముణ్ణి, అంటే బాబాయి కొడుకుని, ఒళ్లో పెట్టుకుని కుమిలి కుమిలి ఏడ్చాడు. కట్లు తడిసి ఊడిపోయాయి. కొన్నాళ్లకు పిన్ని కూడా జబ్బు చేసి పోయింది. తమ్ముడు మా ఇంట్లోనే పెరిగాడు, పెంచింది మాత్రం ఎదురింటాయనే. బడికి తీసుకెళ్లడం, ఈత నేర్పడం, జ్వరమొస్తే పిడుగురాళ్ల తీసుకుపోవడం అన్నీ ఆయనే చేశాడు. ఏటా బాబాయి సంవత్సరీకానికి మా ఇంట్లో భోజనం పెడితే, అందరూ లేచాక ఆఖరి బంతిలో కూర్చుని, గిన్నెల అడుగున మిగిలింది పెట్టించుకుని తినేవాడు. "బావగారిది ఎంత మంచి మనసో," అనేది మా అమ్మ.

ఒక్క విషయంలో తమ్ముణ్ణి గొడ్డును బాదినట్టు బాదేవాడు. "మా నాన్నను చంపినోణ్ణి నరుకుతా," అన్న మాట వాడి నోటి నుంచి వస్తే చాలు. తొమ్మిదేళ్లప్పుడు ఆ మాటన్నాడని వాణ్ణి వేపచెట్టుకు కట్టేసి పచ్చి బెత్తంతో కొట్టాడు. మా అమ్మ అడ్డుపడితే, "ఈడు జైలుకి పోవాలా? నేనుండగా పోనీను!" అని అరిచాడు. వాడు కాలేజీకెళ్లే రోజుల్లో రోజూ గుమ్మంలో నిలబెట్టి పుస్తకాల సంచి తడిమి చూసేవాడు. అదంతా ప్రేమ అనుకున్నాం. ప్రేమ కాదని ఇప్పుడైనా అనలేను.

అయినా వాడు ఆగలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు, జైలు నుంచి వచ్చాక ఏళ్ల తరబడి దూరంగా ఉన్న డ్రైవర్ మళ్లీ ఈ వైపు వచ్చి ఆటో తోలుకుంటున్నాడని తెలిసి, పట్టపగలు రాజుపాలెం అడ్డరోడ్డు దగ్గర ఆటో ఆపి వేటకొడవలితో నరికాడు. మెడకు వేసిన దెబ్బకు అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడం చేతి వేళ్లు మూడు రోడ్డు మీద పడ్డాయి. వాడు ఇంటికొచ్చి పెరట్లో బోరు దగ్గర కొడవలి కడుగుతుండగా పెదనాన్నకు తెలిసింది. ట్రాక్టర్ ఫ్యాన్ బెల్ట్ తీసుకుని వాణ్ణి కొట్టడం మొదలుపెట్టాడు. వీపు చిట్లింది, చొక్కా మాంసంలోకి అతుక్కుంది. వాడు పడిపోయాడు. పడిపోయాక కూడా కొట్టాడు. "ఎవర్ని నరికావురా? ఎవర్నిరా నరికింది? తెలుసా నీకు?" అదొక్కటే మాట. ఆపింది నేనే. నాకూ ఒక దెబ్బ పడింది, భుజం మీద ఆ వాత ఇప్పటికీ ఉంది. తర్వాత ఆయనే జీపు తీసుకుపోయి, డ్రైవర్ తల ఒళ్లో పెట్టుకుని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. పంచె మోకాళ్ల దాకా రక్తంతో తడిసి వచ్చాడు. కాళ్లావేళ్లా పడి రాజీ చేయించి తమ్ముణ్ణి కేసు నుంచి బయట పడేశాడు. శత్రువును ఒళ్లో పెట్టుకుని మోసిన మహానుభావుడని ఊరంతా చెప్పుకుంది.

నేను చర్మం డాక్టర్‌నయ్యాను. అయినా ఆ మచ్చల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న మొహాన్ని ఎవరూ డాక్టర్ కళ్లతో చూడరు.

రెండేళ్ల కిందట కోటప్పకొండ తిరణాళ్లకు ఊరేగించే మా ఊరి ఎత్తైన వెదురు ప్రభ కట్టించింది పెదనాన్నే. ప్రభ ముందు ఆయన బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ పెట్టారు. ఫ్లెక్సీ వేసిన కుర్రాళ్లు కంప్యూటర్‌లో ఆయన మచ్చలన్నీ తుడిచేసి, చెంపలకు రంగు కూడా కొట్టారు. జనం ఫ్లెక్సీని చూసి, పక్కనే నిలబడ్డ ఆయన్ని చూసి, నవ్వారు. నవ్విన ఇద్దరికి పళ్లు రాలాయని విన్నాను. వారం తిరక్కుండా నా క్లినిక్‌కు వచ్చాడు. కుర్చీ గోడకు జరుపుకుని కూర్చున్నాడు.

"ఏమ్మాయ్, ఫ్లెక్సీలో నా మొహం కడిగారు. ఇప్పుడు నన్ను గూడ కడుగు."

"ఈ వయసులో ఎందుకు పెదనాన్నా?"

"అద్దంలో చూసుకుంటే ఫ్లెక్సీలో వాడే బాగున్నాడే! ఒక్కరోజన్నా ఆ మొహంతో తిరిగి సద్దామని."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మూడు దార్లున్నాయి," అని మొదలుపెట్టాను. "ఒకటి పీల్. యాసిడ్ లాంటి మందు పూసి పైపొర ఊడదీయడం."

"మొహాన యాసిడా? ఆ పని జేసినోళ్లని జనం కొట్టి సంపుతుంటే నువ్వు బోర్డు పెట్టి జేస్తన్నావా?"

"అది వేరు, ఇది వేరు. ఎలాగూ నీ చుక్కలు లోతుగా ఉన్నాయి, దానికి అందవు. రెండోది గీకడం. చక్రం లాంటిది గిర్రున తిరుగుతుంటే దాంతో చర్మాన్ని పొరలు పొరలుగా అరగదీస్తాం. మత్తిచ్చి పడుకోబెట్టాలి. రక్తం వస్తుంది. పది రోజులు మొహం పచ్చిపుండు."

"మత్తిచ్చి, కళ్లు మూయించి, మొహాన చక్రం పెడతావా? ఇంకోటి జెప్పు."

"లేజర్. వెలుగుతో లోపలి నలుపును పగలగొట్టడం. మత్తు అక్కర్లేదు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుంది. నాలుగైదు సార్లు రావాలి."

"అదే పెట్టు."

"ఒక్క మాట, జాగ్రత్తగా విను." ఇది నేను అందరికీ చెప్పేదే. "చర్మంలో మందుగుండు పొడి గానీ ఉంటే లేజర్ పెట్టకూడదు. క్వారీ పేలుడైనా, టపాసైనా, బాంబైనా సరే. ఎన్నేళ్లయినా అది లోపలే అంటుకుంటుంది, గుంటలు పడతాయి. అలాంటివాళ్లకు గీకుడే గతి. నీ చుక్కలు తారువేగా?"

ఆయన నా వైపు చూశాడు. గోడ మీద గడియారం వైపు చూశాడు. అప్పుడు లేచి వెళ్లిపోవచ్చు. గీకుడే చెయ్యమ్మాయ్ అనొచ్చు, ముసలితనం భయమనుకుని నేను చేసి ఉండేదాన్ని. ఆయన రెండూ చెయ్యలేదు. ముప్పై ఏళ్లు నిలబెట్టుకొచ్చిన మాటకు సరిపోయే వైద్యాన్నే ఎంచుకున్నాడు.

"తారని ఊరంతా జెబుతుంటే మళ్లా అడుగుతావేంది? మీ అమ్మనడుగు," అన్నాడు. కాగితం మీద కూడా తారు అని రాయించి, ఎడం చేత్తో సంతకం పెట్టాడు.

ముందు కొంచెం చోట పెట్టి చూస్తాం. చెవి కింద, దవడ ఎముక దగ్గర మూడు చుక్కలు ఎంచుకున్నాను. ఐస్ తెమ్మని నర్సును పంపాను. కళ్లకు నల్లటి కప్పులు పెట్టాలి, వెలుగు పడితే చూపు పోతుంది. వాటికి ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక మంచం కడ్డీలు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ మనిషి కళ్లు మూసుకుని ఉండగా చూడడం అదే మొదటిసారి. ఎందుకో జాలేసింది.

పెడల్ మీద కాలు నొక్కాను. మామూలుగా టిక్‌మని చిన్న చప్పుడై చుక్క తెల్లబడాలి. ఇక్కడ ఫట్‌మంది. చర్మంలోంచి అగ్గిపుల్ల గీసినంత మంట లేచి ఆరిపోయింది. సన్నటి పొగ. నూకగింజంత గుంట పడి, దాంట్లోంచి రక్తం ఊరింది. గది నిండా దీపావళి వాసన.

తారుకు ఆ వాసన రాదు.

ఒక్క క్షణంలో అన్నీ కలిశాయి. వినపడని చెవి, పనిచెయ్యని వేళ్లు, కుడి అరచేతిలో చుక్కలు. బండి నుంచి పడినవాడికి చెంప గీసుకుపోతుంది. చేతిలోంచి వదిలిన వెంటనే పేలితే చెంపా, చెవీ, అరచెయ్యీ అన్నీ ఒకేసారి కాలతాయి. బాబాయి పోయిన రోజే ఆయన ఊరు దాటాడు. బండిని వంకర చెయ్యడానికి ఒక బండరాయి చాలు.

"ఏమైందమ్మాయ్?" అన్నాడు. ఆ వాసన ఆయనకు తెలియదా?

"ఇది తారా పెదనాన్నా?"

"తారే."

నాది కూడా ఆ ఊరి కోపమే. ఒళ్లు తెలియలేదు. లేజర్ రెండో చుక్క మీద పెట్టి మళ్లీ నొక్కాను. ఫట్. ఆయన ఒళ్లంతా విల్లులా వంగింది.

"ఇప్పుడు చెప్పు. తారా?"

"తారే."

మూడోది నొక్కాను. రక్తం మెడ మీదకు కారింది. చేతులారా చేశాను. వైద్యం కాదది, నాకు తెలిసే చేశాను. ఆ రెండుసార్లు నేను నొక్కిన నొక్కుడుకూ తమ్ముడు ఎత్తిన కొడవలికీ తేడా లేదు. కావాలనుకుంటే ఆయన నా మెడ విరిచి ఉండేవాడు. కడ్డీలు వదల్లేదు. మొహం పక్కకు తిప్పలేదు.

"ఆపమాక," అన్నాడు చివరికి. "మొత్తం కాల్చెయ్."

మిషన్ ఆపేశాను. ఆయన కప్పులు తీసి పక్కన పెట్టి, లేచి కూర్చున్నాడు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"జీపు వాళ్లది. ముందు సీట్లో మడిసి తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. వాళ్ల నాయకుడే అనుకున్నా. మీ బాబాయి వాళ్ల జీపు ఎక్కుతాడని కల్లో గూడ అనుకుంటానా? నాకు చెప్పకుండా రాజీకి పోయాడు. చెబితే నేను పడనీనని." కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "చేతిలోంచి పోతా పోతానే పేలింది. ఆ పొగలో ఆడి గొంతు విన్నా. అన్నా అని అరిచాడు. నన్ను చూసి అరిచాడో, సచ్చిపోతా నన్ను తలుచుకున్నాడో నాకు ఇప్పటికీ తెలవదు."

"డ్రైవర్? ఏడేళ్లు! వేళ్లు!"

"తెలుసు."

"తెలిసి ఎట్టా తిన్నావు మా ఇంట్లో?"

"మీరు పెట్టారు, తిన్నా."

చేతికందిన స్టీలు ట్రే ఎత్తి గోడకేసి కొట్టాను. "తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేస్తా," అన్నాను.

తన ఫోన్ తీసి నా ఒళ్లో పడేశాడు. "జెయ్. కొడవలి తెచ్చుకోమను. నేను ఇక్కడే కూచుంటా. వీపు ఇటే పెట్టి కూచుంటా. ఆడు నరుకుతాడు, నేను సస్తా, ఆడు జైలుకి పోతాడు. ఆడి పిల్లలిద్దరూ నీ ఇంట్లో పెరుగుతారు. ఆలోచించుకో."

తమ్ముడి సంగతి నాకు తెలుసు. వాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించడు. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, తిరిగి ఇచ్చేశాను.

"అంత తెలిసినోడివి, పొడి అంటుకుంటుందని చెప్పాక కూడా ఎందుకు పెట్టించుకున్నావు?"

"ఇన్నేళ్లకి సచ్చి ఉంటదిలే అనుకున్నా." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఒక్కటి అడుగుతానమ్మాయ్. నేను పోయినాక ఆడికి జెప్పు. కానీ కొరివికి ముందే జెప్పాల. తెలవకుండా ఆడి చేత నిప్పు పెట్టించుకున్నాననుకో, అది గూడ మోసమే అయితది."

తర్వాత రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. మా అమ్మకు ఏదో సాకు చెప్పి సంవత్సరీకానికి కూడా వెళ్లలేదు. ఊళ్లో ఎవరైనా ఆ మూడు గుంటల గురించి అడిగితే, "మా డాక్టరమ్మ పెట్టిన బొట్లురా," అనేవాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ వేలితో వాటిని తడుముకునేవాడట. ఇదంతా తమ్ముడే నాకు నవ్వుతూ చెప్పాడు.

ఊరి మొదట్లోనే అశ్రునివాళి ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులోనూ మచ్చల్లేవు. చెంపలు నున్నగా మెరుస్తున్నాయి.

తమ్ముడు అప్పటికే స్నానం చేసి తడిబట్టలతో ఉన్నాడు. వాణ్ణి కార్లో కూర్చోబెట్టి తలుపులేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. జీపు, తువ్వాలు, పొడి, మూడు గుంటలు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. వాడు ముందుకు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, "నీకెప్పుడు తెలుసు?" అన్నాడు.

"రెండేళ్లు."

చెంప మీద చెళ్లున కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. తమ్ముడు నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. నేను కదల్లేదు. తర్వాత వాడు తలుపు అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. పగిలేదాకా గుద్దాడు. అద్దం ముక్కలు వేళ్లలో దిగాయి. జనం పరిగెత్తుకొచ్చారు. బాధ తట్టుకోలేకపోతున్నాడు పాపం అనుకున్నారు.

వాడు దిగి, జనాన్ని తోసుకుంటూ శవం దగ్గరకు వెళ్లాడు. పసుపు రాసిన ఆ మొహం వైపు వంగి, చెవి కింద మూడు గుంటలనూ నెత్తురోడుతున్న వేలితో ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తన్నుతాడనుకున్నాను. శవం మీద ఉమ్మేసి పోతాడనుకున్నాను. ఏదీ చెయ్యలేదు.

"లేపండి," అన్నాడు.

ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఎవరో అడ్డుపడ్డారు. పక్కకు తోసేసి వెళ్లాను. వాడు కుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరిగాడు, కుండ పగలగొట్టాడు. కొరివి చేతికిచ్చారు. శవానికి వీపు పెట్టి, పెడమొహంతో, చూడకుండా నిప్పు పెట్టాలి. అందరూ అలాగే చేస్తారు. వాడు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఉన్నట్టుండి ఇటు తిరిగాడు.

"ఒరేయ్, చూడకూడదురా! తిరుగు, తిరగరా!" అని పెద్దవాళ్లు అరిచారు.

వాడు తిరగలేదు. పెదనాన్న మొహంలోకి కళ్లార్పకుండా చూస్తూ, ఆ కుడి చెంప మీదే నిప్పు పెట్టాడు. మొహం పూర్తిగా అంటుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. పొగకు కళ్లు ఎర్రబడ్డా మూయలేదు. వెనక్కి రండిరా అని లాగితే అప్పుడొచ్చాడు.

అందరూ కాలవ వైపు స్నానాలకు కదిలారు. వాడు మాత్రం నా కారు దగ్గరికొచ్చి, పగిలిన అద్దం పక్క సీట్లో కూర్చున్నాడు. చేతికి నా చున్నీ చుట్టాను. చుట్టనిచ్చాడు.

"డ్రైవర్ యాడుంటాడు?" అన్నాడు.

ముడి వేయడం ఆపాను. "నకరికల్లులో. చిన్న సోడా కొట్టు పెట్టుకున్నాడు. ఎందుకురా?"

"బండి తియ్."

ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చి కిటికీ పట్టుకున్నాడు. "యాడికిరా? కొరివి పెట్టినోడివి, మైలతో ఇంకొకరింటికి పోకూడదు!"

"లోపలికి పోనులే తాతా," అన్నాడు తమ్ముడు. తడిబట్టల్లో వణుకుతున్నాడు. "గుమ్మం బయటే నిలబడతా. ఆయన బయటికొస్తే వస్తాడు, లేకపోతే లేదు."